ఆకు నమిలి చూడండి సార్

ఈ ప్రయాణానికి కారణం మా మేడ మీది అయిదు కుండీలు.

విజయవాడలో ఉంటాం. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడిది ఆమదాలవలస దగ్గర నాగావళి పక్కన పల్లె. జూన్‌లో ఊరెళ్ళొచ్చి గుప్పెడు గోగు విత్తనాలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఆకు కూరకొస్తుంది, పువ్వు చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు. వేశాను. ఆగస్టుకల్లా నా ఎత్తు దాటిపోయాయి. కింది ఆకులు గుండ్రంగానే ఉన్నాయి. పైకి పోయేకొద్దీ చీలికలు మొదలై, చివరికి ఒక్కో ఆకూ అయిదు వేళ్ళు, ఏడు వేళ్ళు చాచినట్టు తయారైంది. అంచులు రంపం పళ్ళు. నాకు ముద్దుగానే కనిపించాయి. మూడో అంతస్తు ఆయనకి మాత్రం ఇంకోలా కనిపించాయి.

ఆయన ఫొటో తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. నాకు చెమటలు పట్టాయి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి మొక్క పెంచడమే నేరం. తోటలో పెంచినా, కుండీలో పెంచినా అంతే. పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇదంతా ఆ ముందు రాత్రే ఫోనులో చదివి ఉన్నాను కాబట్టి టెన్షన్ ఇంకాస్త ఎక్కువైంది. ఏం మాట్లాడాలో తోచక ఒక ఆకు తుంపి నోట్లో వేసుకుని నమిలాను. "గోంగూర సార్, కావాలంటే మీరూ నమిలి చూడండి" అన్నాను. పెద్దాయన వాసన చూసి, కొరికి, నవ్వి వెళ్ళిపోయాడు. మూడో అంతస్తు ఆయన ఫొటో అయితే గ్రూపులో అలాగే ఉంది.

పోలీసులు వదిలేశారు గానీ పురుగు వదల్లేదు. సెప్టెంబరులో మొక్కల తలలు ముడుచుకుపోయి, ఆకుల సందుల్లో తెల్లగా సున్నం అద్దినట్టు ఏదో పట్టింది. మిత్రుడికి చూపిస్తే, "దసరా వెళ్ళాక మా ఊరు పద. చేను చూద్దువు గాని, మా బావని అడుగుదువు గాని" అన్నాడు.

రాత్రి రైలెక్కి తెల్లారేసరికి విజయనగరంలో దిగాం. అక్కణ్ణుంచి పలాస పాసింజరు. నెల్లిమర్ల దగ్గర జూట్ మిల్లు ఊసెత్తితే, ఎదురు సీట్లో పెద్దాయన తన చిన్నప్పుడు గోగునార కట్టలు బళ్ళ మీద మిల్లుకి తోలిన సంగతి గరివిడి దాకా చెప్పాడు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు పంటా, జూట్ మిల్లులూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి బతికాయి. బెంగాల్‌లో జనుపనార ఎలాగో ఇక్కడ గోగునార అలాగ. చీపురుపల్లి, పొందూరు, దూసి దాటి నాగావళి వంతెన మీద రైలు నెమ్మదించింది. శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు ఉన్న స్టేషనులో దిగాం. అదే ఆమదాలవలస. శ్రీకాకుళం టౌను ఇంకా ఆటో దూరంలో ఉంది.

మిత్రుడి అప్ప మమ్మల్ని చూసి నవ్వింది. అక్కడ అక్కని అప్ప అంటారు. "ఆకుకూర కోసం ఇంత దూరం వచ్చినావేటి బావూ?" అంది నాతో. తరవాత ఫోనులో మా మొక్కల ఫొటో చూసి, నవ్వు ఆపి, "అయ్యో, తల పోయింది" అంది.

ఆమె భర్తని నేనూ బావగారనే పిలిచాను. ఆయన టీ తాగి నేరుగా చేలోకి తీసుకెళ్ళాడు. నేను గోంగూర మడి లాంటిది ఊహించుకున్నాను. అది అడవి. పది అడుగుల కర్రలు, వేలెడు లావున, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. లోపలికి అడుగు పెడితే వెలుగు సగమైంది. కాండం మీద సన్నని ముళ్ళు చొక్కాని పట్టి లాగాయి. పైన మాత్రం పువ్వులు. లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు. ఎండెక్కితే ముడుచుకుంటాయట, అందుకే పొద్దున్నే తీసుకొచ్చానన్నాడు.

"మీ మొక్కకి తల తుంచినావా?" అని అడిగాడు. తుంచానన్నాను. కొమ్మలేస్తే కూరకి ఆకు ఎక్కువ వస్తుందని మా అమ్మ నేర్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కూరకైతే సరే. నారకి కర్ర నిటారుగా ఉండాల. కొమ్మ పుట్టిన కాడల్లా నార తెగిపోద్ది." అందుకే ఇంత ఒత్తుగా వేస్తారు. పక్కకి చోటు లేక కర్ర పైకే పోతుంది. విత్తడం తొలకరి వానలకి, మే నెలాఖరు నుంచి జూన్ లోగా. ఆలస్యంగా వేసినా పువ్వు మాత్రం పగలు పొట్టివయ్యే రోజులకే వచ్చేస్తుంది కాబట్టి, ఆలస్యమైన చేను పొట్టిగా ఉండగానే పూసి కూర్చుంటుంది. నేను ఎరువు తక్కువైందేమో, ఎక్కువైందేమో అని నెల రోజులు బెంగ పెట్టుకున్నాను. ఆ చెట్టుకి పంచాంగం తనదే.

పురుగుల గురించి ఆయన పాఠం చెప్పలేదు, చూపించాడు. ఒక లేతాకు మీద పది పన్నెండు చిల్లులు, చిన్న మేకుతో పొడిచినట్టు. పక్కనే ఆవగింజంత పురుగు. వేలు పెట్టబోతే టప్పున ఎగిరి ఎక్కడికో పోయింది. మొక్క మొలకగా ఉన్నప్పుడైతే ఇవి కొంప ముంచుతాయి, ఇప్పుడేం చెయ్యలేవన్నాడు. ఇంకోచోట ఆకు ఈనెలన్నీ వల గీసినట్టు పసుపు. ఆ తెగులుని తెల్లదోమ మోసుకొస్తుంది. ఆకు వెనక ఊదితే దోమ పొడిలా లేచింది. అలాంటి మొక్కకి మందు లేదు, కనపడగానే పీకి పారేయడమే. గట్టు పల్లంగా ఉన్న మూల నీళ్ళు నిలిచి, మొదళ్ళు నల్లబడి కుళ్ళి, పాతిక దాకా కర్రలు వాలిపోయి ఉన్నాయి. ఆ మూల దాటేటప్పుడు ఆయన ఏమీ మాట్లాడలేదు.

చివరికి నా శత్రువు దొరికింది. ఒక కర్ర చివర ఆకులు గుత్తిగా ముడుచుకుని, మధ్యలో తెల్లటి పిండి. ఆ పిండిని గోటితో గీరి చూపించాడు. లోపల గులాబి రంగు మెత్తటి పురుగులు, కదిలీ కదలనట్టు. పిండినల్లి. "ఇది కాదు ముందు చూడాల్సింది, అది" అని కర్ర మొదట్లోకి చూపించాడు. చీమల బారు. "సీమలు పైకి ఎక్కుతున్నాయంటే పిండినల్లి దిగిపోయినట్టే." నల్లి రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, నల్లిని తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. మా మేడ మీద చీమల్ని నేను రోజూ చూశాను. కుండీలో పంచదార ఒలికిందేమో అనుకుని పిల్లల్ని తిట్టాను. బావగారి మందు సులువే. తల కోసి, సంచిలో వేసి, చేను బయట కాల్చేయడం. చీమల దారి మూయడం. మిగిలిన వాటికి సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి సాయంత్రం పూట కొట్టడం. కోసిన తలల్ని చేలోనే పారేస్తే మాత్రం పురుగుని పక్క మొక్కకి పేరంటానికి పంపినట్టే.

మధ్యాహ్నం చెరువు దగ్గరకి వెళ్ళాం. వాసన ముందు వచ్చింది, చెరువు తరవాత కనిపించింది. చేను సగం పూతకి రాగానే కోసి, కట్టలు కట్టి, మూడు నాలుగు రోజులు నిలబెట్టి, ఆకు రాలాక నీళ్ళలో ముంచుతారు. పైన రాళ్ళు, తాటి దుంగలు బరువు పెడతారు. మట్టి పెళ్ళలు వేస్తే సులువు కదా అన్నాను. నార నల్లబడి ధర పోతుందట. రెండు వారాలు, కొంచెం అటూ ఇటూ. తక్కువ నానితే బెరడు ముక్కలు నారకి అంటుకునే ఉంటాయి. ఎక్కువ నానితే నారే పుచ్చిపోతుంది. ఆ రోజు ఏదో తెలిసేది కర్ర మొదలు నలిపి చూసిన వేళ్ళకే.

మొలలోతు నీళ్ళలో నలుగురు నిలబడి నార తీస్తున్నారు. నేనూ పంచె ఎగ్గట్టి దిగాను. కర్ర మొదలు చెక్కతో కొట్టి, నార చివర వేలికి చుట్టి, ఒక్క ఊపున లాగాలి. పక్కనున్నాయన లాగితే జారుడు చప్పుడుతో కర్ర తెల్లగా బయటికొచ్చింది, నార జడలాగ చేతిలో మిగిలింది. నేను లాగితే కర్ర మధ్యకి విరిగి, నార మూడు ముక్కలైంది. మళ్ళీ లాగాను. ఆయన ఎనిమిది తీసేలోపు నాది ఒకటి, అదీ అతుకుల బొంత. నూరు కిలోల పచ్చి కర్రకి చేతికొచ్చే ఎండునార నాలుగు కిలోలు, అటూ ఇటూ. ఆ లెక్క విన్నాక మా ఇంట్లో బియ్యం వచ్చిన గోనెసంచిని కాళ్ళు తుడుచుకోవడానికి పరిచిన సంగతి గుర్తొచ్చింది.

వచ్చే ఏడు మొక్కజొన్న వేస్తానన్నాడు బావగారు. నీళ్ళలో దిగే మనుషులు దొరకడం లేదు, చెరువులు ముందే ఎండిపోతున్నాయి. అప్ప ఒప్పుకోలేదు. పొయ్యిలోకి పుల్లలెక్కణ్ణుంచి తెస్తావని అడిగింది. ఆ గొడవ మేం భోంచేస్తున్నంతసేపూ నడిచింది. కూర గోంగూర కాదు, వంకాయ. గోగు చేను పక్కన బతికేవాళ్ళకి ఆ ఆకు రోజూ మొహం మొత్తుతుందట.

మర్నాడు ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్ళాం. గోగు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన చోటు అది. అక్కడి ఒకాయన రెండు కొమ్మలు పక్కపక్కన పెట్టి చెప్పాడు. పచ్చళ్ళకి వాడే పుల్లగోంగూర ఒక జాతి, శాస్త్రీయ నామం హైబిస్కస్ సబ్దరిఫా. నా కుండీల్లోది ఇంకో జాతి, హైబిస్కస్ కన్నాబినస్. "కన్నాబిస్ అంటే తెలుసుగా, గంజాయి. ఆ ఆకులా ఉంటుందనే స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఆ పేరు పెట్టాడు" అన్నాడు. అంటే మా మూడో అంతస్తు ఆయన పొరపాటు పద్దెనిమిదో శతాబ్దం నుంచీ రికార్డులో ఉందన్నమాట. తేడా సులువేనని ఆకు తిప్పి చూపించాడు. గోగు ఆకు వేళ్ళు కింద ఒకే అరచేతికి అతుక్కుని ఉంటాయి. గంజాయి ఆకు దేనికది విడి రెక్క, అన్నీ కాడ కొస దగ్గర కలుస్తాయి. పైగా గోగు బంధువు మందారం, పువ్వు చూస్తే చాలు.

బయల్దేరేటప్పుడు అప్ప హార్లిక్స్ సీసాలో నిరుటి విత్తనాలు పోసి, పైన వేపాకు కుక్కి ఇచ్చింది. మా ఆవిడకి చూపిద్దామని నేను నాలుగు పూలకొమ్మలు తడిగుడ్డలో చుట్టుకున్నాను. తిరుగు రైలు విశాఖలో. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కాం. హైవే మీద ఒకచోట బస్సు ఆపారు. మన్యం నుంచి సరుకు దిగుతుందని ఈ దారిలో తనిఖీలు మామూలే. 2021లో పరివర్తన పేరుతో పోలీసులు 7,000 ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు, అయినా తనిఖీలు ఆగలేదు. కుర్ర కానిస్టేబుల్ నా సంచి తెరిచాడు. తడిగుడ్డలోంచి అయిదు వేళ్ళ ఆకు బయటికి చెయ్యి చాచింది. సీసా మూత తీస్తే వేపాకు ఒళ్ళో పడింది. బస్సంతా నా వైపే చూసింది. మిత్రుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, వెధవ.

"గోగు సార్. ఆకు నమిలి చూడండి" అన్నాను, ఈసారి గొంతు వణక్కుండానే.

అతను నా మొహం చూశాడు, నా చేతుల వాసనకి ముక్కు చిట్లించాడు. ఆకు తుంపి నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలాడు.

"నారగోగు. పులుపు నేదు" అన్నాడు నిరాశగా. "కూరకైతే పుల్లగోగు పట్టికెల్లాల గానీ, ఇదేటి సార్?"

సంచి నా ఒళ్ళో పెట్టి, దిగి, బస్సు మీద రెండు దెబ్బలు కొట్టాడు.