కాలేయపు స్లైడులు, ఇద్దరి కళ్లు: నా పీహెచ్‌డీ అనుభవం

మొన్న శుక్రవారం నా పీహెచ్‌డీ వైవా ముగిసింది. హనుమకొండలో జంతుశాస్త్ర పరిశోధకురాలిగా చేరిన నేను, పత్తి చేలలో విరివిగా కొడుతూ వచ్చిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కొద్దికొద్దిగా, చాలాకాలం పాటు ఒంట్లోకి చేరితే కాలేయ కణాలలో ఎటువంటి మార్పులు వస్తాయో ప్రయోగశాలల్లో పెంచే విస్టార్ రకం ఎలుకలపై పరిశీలించాను. పరకాల, నర్సంపేట వైపు పత్తి రైతుల ఇళ్లలో పెరిగినవారికి ఈ అంశాన్ని ఎందుకు ఎంచుకున్నానో వేరే చెప్పనక్కరలేదు. ఇదే దారిలో ఉన్న జూనియర్లు అడుగుతున్నారు కనుక, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

కోర్సువర్కు పరీక్షలు కష్టమేమీ కావు. జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి గురించి అందరూ భయపెడతారు గానీ, దరఖాస్తు ఫారం-బిలో ఎన్ని ఎలుకలు కావాలి, అంతకంటే తక్కువతో ఎందుకు సరిపోదు, చివరికి వాటిని నొప్పి తెలియకుండా ఎలా చంపుతారు అనే ప్రశ్నలకు సూటిగా జవాబు రాస్తే వారు పెద్దగా ఇబ్బంది పెట్టరు. గుంపుకు ఆరు చొప్పున నాలుగు గుంపులు అడిగాను, ఇచ్చారు. మందు తాపడం, బరువులు తూచడం, రక్తంలో ఎంజైములు కొలవడం వరుసగా జరిగిపోయాయి.

స్లైడుల తయారీ మాత్రం మే నెలలో పడింది. ఫార్మాలిన్‌లో నిలవచేసిన కాలేయపు ముక్కలో నీటిని ఆల్కహాలుతో పోగొట్టి, జైలీన్‌లో ఉంచి, కరిగించిన పారఫిన్ మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద ఐదు మైక్రాన్ల మందంతో కోయాలి. మన వరంగల్ ఎండలకు ఆ మైనం మెత్తబడి, పొర ముడతలు పడి బ్లేడుకు అతుక్కుపోతుంది. విభాగంలోని ఫ్రిజ్ పనిచేయదు. గేటు ముందు చెరకురసం బండి దగ్గర ఐసుగడ్డ కొని, గోనెసంచిలో చుట్టి తెచ్చుకొని, దిమ్మను దాని మీద బోర్లించి, గట్టిపడగానే నాలుగు పొరలు కోసి, మళ్లీ బోర్లించేదాన్ని. తరువాత హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టిస్తే కేంద్రకాలు ఊదానీలంగా, కణద్రవ్యం గులాబీగా తేలతాయి. ఇంత శుభ్రమైన స్లైడులు మా విభాగంలో ఈ మధ్య ఎవరూ చేయలేదని గైడ్ గారే అన్నారు. ఆ మాట ఇక్కడ రాసుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

అసలు అవమానం, థీసిస్ సమర్పించే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో జరిగింది. కణాలలో ఏర్పడిన బుడగలు, వెడల్పైన సైనుసాయిడ్లు (కాలేయంలోని సన్నని రక్తనాళాలు), కుంచించుకుపోయిన కేంద్రకాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో ఒకటి, రెండు, మూడు ప్లస్ గుర్తులతో పట్టికలో చూపించాను. మా విభాగం బీరువాలో ఉన్న థీసిస్‌లన్నిటిలోనూ ఉన్నది ఆ పద్ధతే. బయటి నుంచి వచ్చిన నిపుణుడు ఆ పట్టిక దగ్గర ఆపి, "ఈ ప్లస్‌లు ఎవరు వేశారమ్మా?" అని అడిగారు.

"నేనే సార్."

"ఏ స్లైడు ఏ గుంపుదో తెలిసే చూశావా?"

"తెలిసే చూశాను సార్."

"అయితే లేబుల్ చూసి మార్కులు వేశావన్నమాట."

హాలంతా నవ్వింది. అదే పద్ధతిలో పట్టాలు పుచ్చుకొని ఉద్యోగాలలో స్థిరపడినవారు ముందు వరుసలో కూర్చొని మరీ నవ్వారు. గైడ్ గారు కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయారు. విషశాస్త్రంలో ఆరితేరిన పాథాలజిస్టులు (కణజాలం చూసి జబ్బును గుర్తించే నిపుణులు) కూడా చాలామంది మొదటిసారి గుంపు తెలిసే చూస్తారనీ, మార్పు స్వల్పంగా ఉండి సందేహం కలిగినప్పుడు గుర్తులు దాచి మళ్లీ చూస్తారనీ చెప్పబోయాను. సమయం అయిపోయిందన్నారు. ప్రశ్న న్యాయమైనదే, కాదనను. అడిగిన తీరును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

స్లైడులను మరొక నిపుణుడిచేత స్వతంత్రంగా చదివించాలని సెమినార్ మినిట్స్‌లో రాశారు. స్లైడుల పెట్టె పట్టుకొని ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగానికి వెళ్లాను. గుమ్మం దగ్గరే అటెండర్ ఆపి, "మనుషుల బయాప్సీలకే టైం లేదు, ఎలుకలయి పట్టుకొచ్చినవా? మేడం బిజీగున్నది, రేపు రాపో" అన్నాడు. ఆ రేపు చాలాసార్లు వచ్చింది. పెట్టె ఒళ్లో పెట్టుకొని కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్న నన్ను చూసి, రిపోర్టుల కోసం వచ్చిన రోగుల బంధువులు ఎవరికి బాగోలేదమ్మా అని పరామర్శించేవారు. చివరకు పాథాలజిస్టు మేడం గారు చూసి ఇచ్చిన పట్టికను నా పట్టిక పక్కన పెడితే తల తిరిగింది. నేను మూడు ప్లస్‌లు వేసినచోట ఆమె ఒకటే వేశారు. నేను ఒకటి వేసినచోట ఆమె రెండు వేశారు. ఇద్దరి అంగీకారాన్ని కొలిచే కాపా విలువ (పూర్తిగా ఏకీభవిస్తే అది 1) 0.3 దగ్గర ఆగిపోయింది. "ఆవిడ సరిగా చూసి ఉండదు" అని గైడ్ గారు తేల్చేశారు. ఆసుపత్రిలో వారు నా గురించి ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

ఇది ఏ ఒక్కరి కంటి లోపమూ కాదని తెలుసుకోవడానికి నేను దృష్టి గురించిన పరిశోధనలు చదవవలసి వచ్చింది. 2013లో అమెరికా పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ చిత్రాలలో ఒక గొరిల్లా బొమ్మను చొప్పించి, గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇస్తే, 20 మంది ఆ గొరిల్లాను గమనించనే లేదు. వారిలో సగానికి పైగా మంది చూపు సరిగ్గా గొరిల్లా మీదే పడిందని కంటి కదలికల నమోదులో తేలింది. కొవ్వు కాలేయ వ్యాధి తీవ్రతను స్లైడులో కొలవడానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న స్కోరును 2005లో ప్రకటించినప్పుడు, ఆ రంగంలో పండిపోయిన పాథాలజిస్టుల మధ్యనే కాపా విలువ కొవ్వు విషయంలో 0.79 ఉండగా, కణాల ఉబ్బు విషయంలో 0.56, లోబ్యూల్ (కాలేయంలోని చిన్న విభాగం) లోపలి వాపు విషయంలో 0.45 మాత్రమే వచ్చింది. అది చదివిన రాత్రి కంటినిండా నిద్రపోయాను. ఇక రంగుల సంగతి: పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపుతాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ 1839లోనే వివరించాడు. మా మైక్రోస్కోపులో హాలోజన్ బల్బు పసుపుదనాన్ని సరిచేసే నీలం ఫిల్టర్ ఎప్పుడో మాయమైంది; ఆసుపత్రిలోనిది ఎల్‌ఈడీ దీపం. నేను ఇక్కడ నారింజ ఛాయలో చూసిన కాలేయాన్ని ఆమె అక్కడ గులాబీగా చూశారు.

గైడ్ గారు వద్దన్నా వినకుండా మళ్లీ వెళ్లి, ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ముందు మేడం గారి పక్కన కూర్చున్నాను. ఆమె బాణం గుర్తును ఒక తెల్లని ఖాళీ మీదికి జరిపి, "ఇది కొవ్వంటావా? అంచు చూడు" అన్నారు. జైలీన్ కొవ్వును కరిగించి వేస్తుంది కాబట్టి స్లైడులో మిగిలేది ఖాళీయే. అది కొవ్వు ఉన్న చోటైతే అంచు గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది, గ్లైకోజెన్ (కణం నిలవచేసుకునే చక్కెర) చేరిన చోటైతే అంచు లేకుండా దూదిపింజలా చెదిరి ఉంటుంది. నేను బుడగలన్నిటినీ కలిపి లెక్కిస్తుంటే, ఆమె కొవ్వు బుడగలను మాత్రమే లెక్కించారు. పట్టికలు ఎందుకు కలవలేదో అక్కడ సగం అర్థమైంది. ఫార్మాలిన్ సీసాల్లో మిగిలిన ముక్కలను గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ ఓ రంగు వేస్తే కొవ్వు ఎర్రగా తేలుతుందని చెప్పి, ఆ కోతకు తమ ల్యాబులోనే అవకాశం ఇచ్చారు. "మొదటి రోజే నేరుగా లోపలికి వచ్చి ఉండాల్సింది కదా" అన్నారు. అటెండర్ అక్కడే నిలబడి విన్నాడు; ఏమీ మాట్లాడలేదు.

ఆ తరువాత ఏ మార్పును ఏమని పిలవాలో ఇద్దరం రాసుకున్నాం. ఒక జూనియర్ లేబుళ్ల మీద తెల్ల టేపు అంటించి, కోడ్ సంఖ్యలు వేసి, ఏ కోడ్ ఏ స్లైడుదో చెప్పే పట్టికను కవరులో మూసి విభాగం హెడ్ గారికి అప్పగించింది. కొన్ని స్లైడులకు రెండేసి కోడ్‌లు వేయించాను, నా కన్ను తనతో తానే ఏకీభవిస్తుందో లేదో తెలియాలి కదా. కొవ్వు విస్తీర్ణాన్ని అంచనా కట్టడం మానేసి, ఐపీస్‌లో గళ్ల పలక అమర్చి, గళ్ల గీతలు కలిసే చుక్కలలో కొవ్వు మీద పడినవాటిని లెక్కపెట్టాను. కోసిన తలంలో ఒక పదార్థం ఆక్రమించిన విస్తీర్ణపు వాటా ఆ ముక్క మొత్తం ఘనపరిమాణంలో దాని వాటాకు సమానమని ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త డెలెస్ రాళ్ల కోసం 1847లో చెప్పిన సూత్రమే ఇందుకు ఆధారం. ఈసారి ప్లస్ గుర్తుల కాపా 0.7 దాటింది. కవరు విప్పాక, ఎక్కువ మోతాదు గుంపులో తేడా చెక్కుచెదరలేదు. తక్కువ మోతాదు గుంపులో మునుపు కనిపించిన తేడా గణాంక పరీక్షకు నిలవలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. థీసిస్ చదివిన బయటి పరీక్షకులలో ఒకరు తమ నివేదికలో ప్రత్యేకంగా మెచ్చుకున్న అధ్యాయం అదొక్కటే.

మిగిలినవి కాగితాల పనులే. ఇతర రచనలతో థీసిస్ సారూప్యత 10 శాతం లోపు ఉంటే ప్లేజియరిజం గొడవ ఉండదు. నో డ్యూస్ సంతకాలకు సెక్షన్‌లో ఎంత వినయంగా నిలబడితే అంత ఆలస్యం చేస్తారు, కూర్చోమనకపోయినా కుర్చీ లాక్కొని కూర్చోండి. బైండింగ్‌ను నయీంనగర్‌లో చేయించుకోండి, అక్షరాల బంగారు రంగు ఊడిపోదు. వైవాలో స్లైడుల మీద ఒక్క ప్రశ్న వచ్చింది, కోడ్ ఎవరు వేశారని. ఆ జూనియర్ హాలులోనే ఉంది, లేచి నిలబడింది.

నీలం ఫిల్టర్ నా డబ్బుతో కొని విభాగానికే వదిలి వచ్చాను. రెండో బీరువాలో పై అరలో ఉంటుంది. తాళం మా విభాగం అటెండర్ దగ్గర ఉంటుంది కాబట్టి భోజనం వేళకు ముందే అడిగి తీసుకోండి.