బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్‌లో ఒక ఆదివారం మ్యాచ్

ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్ కౌంటీలో హాంబుల్డన్ అనే పల్లెకు కాస్త ఎగువన, సుద్దనేల గుట్టల మీద, బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ అనే క్రికెట్ మైదానం ఉంది. క్రికెట్ ఇక్కడ పుట్టిందని కొందరు అంటారు గాని అది నిజం కాదు. అంతకు చాలాకాలం ముందునుంచే కెంట్, సర్రే, ససెక్స్ పల్లెల్లో ఈ ఆట ఆడేవారు. అయితే ఆ పల్లెటూరి ఆటకు ఒక పద్ధతి, ఒక పట్టు వచ్చింది మాత్రం చాలావరకు ఇక్కడ ఆడిన హాంబుల్డన్ క్లబ్బు వల్లనే. ఆ మైదానంలో ఇప్పటికీ వేసవి వారాంతాల్లో ఔత్సాహికులు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడుకుంటారు. అక్కడి జట్టుతో ఒక ఆదివారం ఆడే అవకాశం మా క్లబ్బుకు దొరికినప్పుడు, ఎప్పుడూ పదకొండు మందిని కూడగట్టడానికే తంటాలు పడే మా కెప్టెన్‌కు ఈసారి ఎవరిని వద్దనాలో తేల్చుకోవడం కష్టమైంది.

మా క్లబ్బు లండన్ శివార్లలో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళది. ఎక్కువమంది తెలుగువాళ్ళమే అయినా తమిళులు, పంజాబీలు, ఒకరిద్దరు ఇంగ్లీషు మిత్రులు కూడా ఉన్నారు. పొద్దున్నే కార్లలో బయలుదేరి, ఏ3 రహదారి మీద గిల్డ్‌ఫర్డ్ దాటి, హైండ్‌హెడ్ దగ్గర 2011లో తెరిచిన సొరంగం గుండా పీటర్స్‌ఫీల్డ్ చేరాము. ఆట మధ్యాహ్నం రెండింటికి గనుక ఆ ఊళ్ళో కాసేపు ఆగుదామని నేనే పట్టుబట్టాను. అక్కడి చర్చి ఆవరణలో జాన్ స్మాల్ సమాధి ఉంది. 1737లో పుట్టి 1826 దాకా జీవించిన ఈయన చెప్పులు కుట్టే వృత్తి నుంచి బ్యాట్లు, బంతులు తయారుచేసే పనిలోకి వచ్చి, హాంబుల్డన్ జట్టుకు మొదటి వరుస బ్యాట్స్‌మన్‌గా ఎన్నో ఏళ్ళు ఆడాడు.

ఆ రోజుల్లో వికెట్‌కు రెండే స్టంపులు, వాటి మీద ఒకే బెయిల్, అంటే అడ్డపుల్ల. 1775 మే నెలలో లండన్ ఆర్టిలరీ గ్రౌండులో కెంట్ జట్టుతో జరిగిన ఆటలో, లంపీ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన స్టీవెన్స్ వేసిన బంతి మూడుసార్లు స్మాల్‌ను దాటి సరిగ్గా రెండు స్టంపుల నడుమనుంచి దూసుకుపోయింది. బెయిల్ కదలలేదు గనుక స్మాల్ అవుట్ కాలేదు. కావలసిన పరుగులు చేసి తన జట్టును గెలిపించాడు. మేలైన బంతి వేసిన బౌలర్‌కు ఇలా అన్యాయం జరగడం చూసిన తరవాతే మధ్యలో మూడో స్టంపు పెట్టే ఆచారం వచ్చింది. అదే ఏడాది జులైలో బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్‌లో సర్రే జట్టు మీద స్మాల్ 136 పరుగులు చేశాడు. పెద్ద స్థాయి మ్యాచ్‌లకు ఇప్పుడు మనకు దొరుకుతున్న స్కోరుకార్డుల్లో అన్నిటికన్నా పాత సెంచరీ అదే. పుస్తకాల్లో చదివిన ఈ సంగతులు ఆ రాతి ముందు నిలబడి మా కుర్రవాళ్ళకు చెబుతుంటే నా గొంతులో వచ్చిన మార్పు నాకే తెలిసింది.

పీటర్స్‌ఫీల్డ్ దాటాక రోడ్డు సన్నబడి, రెండు పక్కలా పొదల కంచెల మధ్య ఎక్కుతూ పోతుంది. పైకి చేరేసరికి ఒక్కసారిగా ఆకాశం విచ్చుకున్నట్టు బయలు కనిపిస్తుంది. రోడ్డుకు ఒక పక్క మైదానం, ఎదురుగా బ్యాట్ అండ్ బాల్ అనే పాత సత్రం. హాంబుల్డన్ జట్టుకు కెప్టెన్‌గా ఉండిన రిచర్డ్ నైరన్ ఒకప్పుడు ఈ సత్రాన్ని నడిపాడు. మైదానం అంచున 1908లో నిలిపిన గ్రానైటు స్మారకం ఉంది. దాని మీద చెక్కిన బ్యాట్లు ఇప్పటి బ్యాట్లలా తిన్నగా ఉండవు, కింద వంపు తిరిగి ఉంటాయి. చెయ్యి పైకెత్తకుండా కిందనుంచి నేల వెంబడి బంతి విసిరే కాలంలో అటువంటి వంపు బ్యాటే పనికొచ్చేది. బౌలర్లు బంతిని గాలిలో లేపి సరైన చోట పిచ్ చేయడం నేర్చుకున్నాకే తిన్నని బ్యాటు అవసరమైంది. చెయ్యి భుజం పైకెత్తి బౌలింగ్ చేయడానికి అనుమతి వచ్చింది 1864లో, అంటే హాంబుల్డన్ వైభవం ముగిసిన ఎన్నో దశాబ్దాలకు.

బ్యాటు వెడల్పు కథ కూడా ఈ క్లబ్బుదే. 1771లో చెర్ట్సీ జట్టుతో ఆడినప్పుడు ఎదుటి పక్షంలోని వైట్ అనే ఆటగాడు వికెట్ అంత వెడల్పున్న బ్యాటుతో వచ్చి నిలబడ్డాడు. హాంబుల్డన్ వాళ్ళు అభ్యంతరం చెప్పి, బ్యాటు నాలుగుంపావు అంగుళాలకు మించకూడదని రాసి సంతకాలు పెట్టారు. ఆ కొలత ఈనాటికీ అదే. మా ఓపెనర్ తన కొత్త బ్యాటును స్మారకం మీది బ్యాటు పక్కన ఆనించి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పాతకాలపు పెద్ద మ్యాచ్‌లు స్నేహపూర్వకమైనవి కావు. దొరలు పందాలు కాసేవారు. ఒక మ్యాచ్‌కు 500 గినీల (అప్పటి ఇంగ్లండు బంగారు నాణేల) పందెం మామూలు విషయం. ఏ ప్రతిఫలమూ లేకుండా, పాయింట్ల పట్టిక లేకుండా, రెండు ఊళ్ళ మనుషులు ఒక మధ్యాహ్నమంతా శ్రద్ధగా ఆడుకోవడం అనేది ఆటకు తొలినాటి అమాయకత్వమని మనం అనుకుంటాము. నిజానికి ఆట ఎదిగి సంపాదించుకున్న సంస్కారాల్లో అదొకటని నాకు ఆ గుట్ట మీద నిలబడినప్పుడు గట్టిగా అనిపించింది.

టాస్ గెలిచిన ఆతిథ్య జట్టు బ్యాటింగ్ తీసుకుంది. మనవైపు వారాంతపు ఆటల్లో ఓవర్లు ముందే కుదుర్చుకుంటారు. ఇక్కడ ఆడింది టైమ్ మ్యాచ్. మొదట ఆడేవాళ్ళు ఎంతసేపు ఆడాలో, ఎప్పుడు డిక్లేర్ చేయాలో, అంటే ఇన్నింగ్స్ చాలించాలో, వాళ్ళ కెప్టెన్ ఇష్టం. చివరి గంటలో 20 ఓవర్లు పడాలి. మొదట ఆడినవాళ్ళు గెలవాలంటే ప్రత్యర్థిని ఆలౌట్ చేయాల్సిందే, తరవాత ఆడేవాళ్ళు గెలవాలంటే ఆ స్కోరు దాటాల్సిందే, రెండూ జరగకపోతే డ్రా. గాలి మాత్రం మైదానానికి అడ్డంగా వీస్తూనే ఉంది. 1782 ప్రాంతంలో హాంబుల్డన్ క్లబ్బు ఈ చోటు వదిలి విండ్‌మిల్ డౌన్‌కు మారడానికి ఇక్కడి గాలీ చలీ కూడా కారణమంటారు. మా ఫాస్ట్ బౌలర్లు ఒక వైపునుంచి గాలి తోడుగా పరుగెత్తి, రెండో వైపుకు వెళ్ళాక అడుగు ముందుకు పడక అలిసిపోయారు. టీ విరామానికి వాళ్ళు ఆరు వికెట్లకు 187 పరుగుల వద్ద డిక్లేర్ చేశారు. ఇంకో అరగంట ఆడి మమ్మల్ని ఆటలోంచి పూర్తిగా తప్పించగలిగీ ఆ పని చేయలేదు.

టీ అంటే ఒక కప్పు టీ కాదు. ఇంగ్లండు పల్లె క్రికెట్‌లో అది ఒక భోజనం. శాండ్‌విచ్‌లు, కేకులు, స్కోన్లు అనే చిన్న రొట్టెలు బల్ల నిండా పేర్చి ఉంటాయి. రెండు జట్లవాళ్ళూ కలిసి కూర్చుంటారు. అప్పటిదాకా తిడుతున్నట్టు బంతులు వేసినవాడే పక్కనున్న బ్యాట్స్‌మన్ పళ్ళెంలో కేకు వడ్డిస్తాడు.

మేము బ్యాటింగ్‌కు దిగాక తొలి అంపైరింగ్ నా వంతైంది. ఇటువంటి మ్యాచ్‌లకు బయటి అంపైర్లు ఉండరు. బ్యాటింగ్ చేసే జట్టువాళ్ళే ఇద్దరు తెల్లకోట్లు తొడుక్కుని నిలబడతారు. అంటే తన జట్టు మనిషికి తానే తీర్పు చెప్పాలి. ప్రపంచంలో మరే ఆటలోనైనా ఇంతటి నమ్మకాన్ని ఇంత మామూలుగా తీసుకుంటారా అని నాకు సందేహం. ఓవర్‌లో బంతులు లెక్కపెట్టుకోవడానికి నేలమీద దొరికిన ఆరు చెకుముకి రాళ్ళు ఏరుకున్నాను. ఆ సుద్దనేలలో అవి ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఒక్కో బంతి పడగానే ఒక రాయిని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుంటూ ఉన్నాను. మూడో రాయి చేతిలో ఉండగా వాళ్ళ మీడియం పేసర్ వేసిన బంతి లోపలికి తిరిగి మా కెప్టెన్ ముందు ప్యాడ్‌కు, మోకాలికి కాస్త కింద, మధ్య స్టంపుకు ఎదురుగా తగిలింది. బౌలర్, కీపర్ ఇద్దరూ అప్పీల్ చేశారు. కెప్టెన్ నా వైపు చూడలేదు. క్రీజు మీద గీత గీసుకుంటూ ఉన్నాడు. బ్యాటు తగిలిన చప్పుడు నాకు వినపడలేదు. వేలు ఎత్తాను. ఆయన బ్యాటు చంకలో పెట్టుకుని నా పక్కనుంచి పోతూ, "బాగా చూశారు, అన్నా" అని మాత్రం అన్నాడు. పది నిమిషాల తరవాత ఆయనే వచ్చి నా దగ్గర తెల్లకోటు, రాళ్ళు తీసుకుని నన్ను ప్యాడ్లు కట్టుకొమ్మని పంపించాడు.

మా జట్టులో ఒక సభ్యుడి కొడుకు, పదమూడేళ్ళవాడు, ఏడో నంబరుగా దిగాడు. అప్పటిదాకా వేగంగా వేస్తున్న బౌలర్‌ను వాళ్ళ కెప్టెన్ ఆపి, అరవై దాటిన ఒక లెగ్‌స్పిన్నర్‌కు బంతి ఇచ్చాడు. పిల్లవాడిని చూసి చేసిన మార్పే అయినా అది కనికరంలా కనిపించకుండా చేశాడు. ఫీల్డింగ్‌ను ఎంతో జాగ్రత్తగా సర్ది, స్లిప్ పెట్టి, కవర్స్ వైపు ఖాళీ వదిలి, నిజమైన బ్యాట్స్‌మన్‌కు పన్నే వల పన్నాడు. ఆ పెద్దాయన ప్రతి బంతికీ ముందు గడ్డి పరక ఒకటి తుంచి వదిలి గాలి ఎటు పోతున్నదో చూసేవారు. గాలికి ఎదురుగా మెల్లగా ఎత్తి వేసిన బంతి అందుతుందనిపించి, ఆఖరి క్షణంలో కిందికి వాలిపోయేది. మావాడు రెండు బంతులు వదిలేశాడు, మూడోదాన్ని ముందుకు వంగి కవర్స్ మీదుగా ఫోర్ కొట్టాడు. వదిలిన ఖాళీ అదే. మైదానమంతా చప్పట్లు కొట్టింది, బౌలర్‌తో సహా. తరవాతి ఓవర్‌లో అదే షాట్‌కు పోయి స్లిప్‌లో దొరికిపోయాడు. ఆయన వెళ్ళి కుర్రాడికి బంతి పట్టు చూపించి, ఈసారి ఎందుకు తిరిగిందో రెండు ముక్కల్లో చెప్పి పంపించారు.

చివరి గంట మొదలయ్యేసరికి మాకు గెలుపు అందేలాగే ఉంది, అయినా వికెట్లు పడుతూ పోయాయి. ఇటువంటి ఆటలో పరుగుల కోసం ఎప్పుడు ఆడాలి, వికెట్లు ఎప్పుడు కాపాడుకోవాలి అన్నది బ్యాట్స్‌మన్లే తేల్చుకోవాలి. ఎనిమిదో వికెట్ పడ్డాక మేము లక్ష్యాన్ని వదిలేశాము. డ్రా చప్పటి ఫలితమని అనుకునేవాళ్ళు ఆ ఆఖరి ఓవర్లు చూసి ఉండాలి. బ్యాటు చుట్టూ ఏడుగురు ఫీల్డర్లు, వాళ్ళ నీడలు క్రీజు దాకా సాగి ఉన్నాయి. మా పదకొండో ఆటగాడు ఏడాది మొత్తం మీద పట్టుమని పది పరుగులు చేయనివాడు, ఒక్కో బంతినీ బ్యాటు నిండా ఆపుతుంటే పెవిలియన్‌లో మేము ఊపిరి బిగబట్టి చూశాము. తొమ్మిది వికెట్లకు 154 వద్ద ఆట ముగిసింది. స్కోరర్లు ఇద్దరూ పుస్తకాలు పక్కపక్కన పెట్టి లెక్కలు సరిచూసుకున్నారు.

తరవాత అందరమూ రోడ్డు దాటి బ్యాట్ అండ్ బాల్‌కు వెళ్ళాము. నేను ప్యాడ్‌కు తగిలిన బంతికి ఇచ్చిన ఎల్‌బీడబ్ల్యూ తీర్పు గురించి వాళ్ళ బౌలరే మళ్ళీ ఎత్తి, నాకు దగ్గరగా జరిగి, తనకైతే లెగ్‌స్టంప్ పక్కనుంచి పోతుందేమోనని అనుమానం కలిగిందని చెప్పాడు. మా కెప్టెన్ వెంటనే కాదని, మధ్య స్టంపే పడేదని వాదించాడు. అవుటైనవాడు అవుటేనని, అవుట్ చేసినవాడు కాదేమోనని బల్లకు చెరోవైపు కూర్చుని వాదించుకోవడం నేను మరే ఆటలోనూ చూడలేదు. కెప్టెన్లు ఇద్దరూ క్యాలెండర్లు తెరిచి వచ్చే వేసవికి తేదీ రాసుకున్నారు. ఈసారి మా మైదానంలో. అక్కడ పచ్చిక పిచ్ లేదని, కృత్రిమ పిచ్ మీద ఆడాలని మావాళ్ళు ముందే చెప్పారు. అటువంటి పిచ్ మీద లెగ్‌స్పిన్ ఎంత తిరుగుతుందో ఆ పెద్దాయన మా కుర్రాణ్ణి అడిగి వివరంగా తెలుసుకుంటూ ఉండగా మేము కార్ల తాళాలు వెతుక్కున్నాము.