ఎంటీబీకి (మౌంటెన్ బైక్‌కి) సరిపోయే హెడ్‌సెట్ ఎంచుకోవడం – నా అనుభవం

తిరుపతిలో సైకిల్ షాపులకి కొదవేం లేదు, కానీ ఫ్రేమ్ విడిగా, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) విడిగా కొనుక్కుని ఈ రెంటికీ కలిసే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే కప్పులూ బేరింగులూ, కావాలంటే మాత్రం కొలతలన్నీ మనమే తెలుసుకోవాలి. నా ఫ్రేమ్ అల్యూమినియం హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు గొట్టం) పైనుంచి కిందిదాకా ఒకే లావు. ఫోర్క్ ఏమో టేపర్డ్, అంటే స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లోకి దూరే ఫోర్క్ గొట్టం) పైన 28.6 మి.మీ., కింద క్రౌన్ (ఫోర్క్ కాళ్లు కలిసే చోటు) దగ్గర అంగుళంన్నర. ఒక షాపులో అయితే చూడగానే "ఇది దీనికి పట్టదు సార్, ఫోర్క్ మార్చేయండి" అన్నారు. సస్పెన్షన్ ఫోర్క్ మార్చడమంటే మాటలా, ముందు కొలిపిద్దాం అనుకున్నా.

రేణిగుంట రోడ్డులో తెలిసిన లేత్ షాపుకి ఫ్రేమ్ ఎత్తుకుపోతే ఆ అన్న వెర్నియర్ తీసి, "పెయింటు మీద కొలిస్తే లెక్క తప్పతాది సామీ, లోపల మెటల్ తగిలేకాడ కొలవాల" అని గుడ్డతో శుభ్రంగా తుడిచి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలిచినాడు. పైనా కిందా రెండుచోట్లా 44 మి.మీ.కి వెంట్రుకవాసి తక్కువ. ఆ ఒక్క అంకెతో దారి దొరికింది. అదే 34 వచ్చుంటే పాతకాలం హెడ్ ట్యూబ్ అన్నమాట, దాంట్లో టేపర్డ్ స్టీరర్ అసలు దూరదు, షాపువాళ్లు చెప్పిందే నిజమయ్యేది.

హెడ్‌సెట్ డబ్బాల మీద ఉండే కోడ్ చూసి భయపడక్కర్లేదు. జెడ్‌ఎస్ అంటే కప్పు (బేరింగ్ కూర్చునే గిన్నె) ట్యూబ్ లోపలికి దిగిపోతుంది, ఈసీ అంటే కప్పు బయటికి ఉంటుంది, ఐఎస్ అంటే కప్పే ఉండదు, బేరింగ్ నేరుగా ఫ్రేమ్‌లో కూర్చుంటుంది. ఆ తర్వాత మొదటి అంకె ఫ్రేమ్‌ది, గీత తర్వాతది ఫోర్క్‌ది. పై భాగం, కింది భాగం వేర్వేరు లెక్క, విడివిడిగా కూడా అమ్ముతారు. నాకు పైన జెడ్‌ఎస్44/28.6, కింద ఈసీ44/40 కావాలి. ఫోర్క్ కింద క్రౌన్ రేస్ (కింది బేరింగ్ ఆనే రింగు) కూర్చునే చోటు 39.8 ఉంటే దాన్నే 40 అని రాస్తారు, అందుకని తేడా ఉందని కంగారు పడొద్దు.

ఆర్డర్ పెట్టేముందు స్టీరర్ పొడవు కూడా చూసుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. హెడ్ ట్యూబ్ 120, కింది కప్పు 12, పై కప్పు 8, స్పేసర్లు (స్టెమ్ కింద వేసే రింగులు) 10, స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టించే ముక్క) 40, మొత్తం 190 మి.మీ. స్టీరర్ కొస స్టెమ్ అంచుకంటే 3 మి.మీ. కిందికి ఉండాలి కాబట్టి 187 చాలు. నా ఫోర్క్‌కి అంతకంటే ఎక్కువే ఉంది, హమ్మయ్య అనుకున్నా.

కప్పులు బిగించడానికి వాటిని నొక్కే ప్రెస్ కొనలేదు. హార్డ్‌వేర్ షాపులో పొడవాటి థ్రెడ్ రాడ్, రెండు నట్లు, వెడల్పాటి వాషర్లు తెచ్చి, బేరింగులు పక్కనపెట్టి, కప్పులకి గ్రీజు రాసి ఒక్కోటి మెల్లగా లోపలికి నొక్కించినా. వాషర్ కప్పు అంచు మీదే ఆనాలి. కప్పు ఏమాత్రం వంకరగా దిగుతున్నా ఆపేసి, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే, బలవంతం చేస్తే ఫ్రేమే పోతుంది. సుత్తితో కొట్టే పని మాత్రం పెట్టుకోవద్దండీ, దండం పెడతా!

చివర్లో టాప్ క్యాప్ (స్టెమ్ పైన ఉండే మూత) బోల్టు ముందు, స్టెమ్ బోల్టులు తర్వాత. ముందు బ్రేకు పట్టుకుని, కింది కప్పు మీద వేలు పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక అనకూడదు, హ్యాండిల్ మాత్రం తేలిగ్గా తిరగాలి. అట్ల కుదిరాకే స్టెమ్ బోల్టులు బిగించినా.

రంగంపేట మీదుగా కల్యాణి డ్యామ్ దాకా తొక్కి చూశా, గతుకుల్లో కూడా ఎక్కడా చప్పుడు లేదు. కింది కప్పు బయటికి ఉండటంవల్ల ముందుభాగం కొద్దిగా లేచింది, హెడ్ యాంగిల్ (హెడ్ ట్యూబ్ వాలు కోణం) ఓ అర డిగ్రీ దాకా వాలుతుంది. దిగుడులో అది నాకు హాయిగానే ఉంది, ఎక్కేటప్పుడు మాత్రం ముందు చక్రం తేలినట్టు అనిపిస్తే స్టెమ్ కింద స్పేసర్ తీసి పైన వేశా, సరిపోయింది.