మా కోచింగ్ కేంద్రానికి ఏడాది నిండిన ఆదివారం

28 డిసెంబరు 2025, ఆదివారం, నర్సీపట్నం.

మధ్యాహ్నం సైకాలజీ తరగతి ముగిశాక ఏడాది లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష) రాసేవారి కోసం బట్టల దుకాణం మేడమీద ఒక్క హాలు అద్దెకు తీసుకుని ఈ కేంద్రం మొదలుపెట్టి ఈ నెలతో ఏడాది అయింది. గొలుగొండ, నాతవరం వైపు నుంచి వచ్చే డీఎడ్ (ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) పిల్లలతోపాటు కొయ్యూరు, చింతపల్లి నుంచి వచ్చేవారూ ఉన్నారు. లంబసింగి ఘాట్ దిగి రావలసిన బస్సు చలికాలంలో మంచువల్ల ఆలస్యమవుతుంది కనుక మొదటి తరగతిని పది గంటలకు జరిపాను. పట్నంలో ఉండేవారికి అది కొంత ఇబ్బందే అయినా, కొండమీద నుంచి వచ్చిన పిల్ల సగం పాఠం దగ్గర తలుపు తీసుకుని లోపలికి రావడం నాకు ఇష్టం లేదు.

పుస్తకం తిరగేస్తే మా ఆదాయం నెలలను బట్టి కాక నోటిఫికేషన్‌ను బట్టి నడిచిందని స్పష్టంగా కనిపిస్తుంది. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన ఏప్రిల్ 20న వెలువడింది, పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. ఆ మధ్యకాలంలో హాలులో కుర్చీ దొరకని రోజులు ఉన్నాయి. పరీక్షలు ముగిసిన తరువాత ఆగస్టు అంతా బెంచీలు ఖాళీగా ఉన్నాయి కానీ అద్దె, కరెంటు బిల్లు, గణితం చెప్పే మాస్టారి జీతం మాత్రం యథాప్రకారం చెల్లించవలసి వచ్చింది. కోర్సు మొత్తానికి ఒకేసారి ఫీజు వసూలు చేసి ఉంటే ఆ నెలలు సులువుగా గడిచేవని ఇంట్లోవారు అన్నారు. మధ్యలో మానుకున్నవారికి మిగిలిన కాలానికి ఫీజు తిరిగి ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మాట అటుంచినా, కూలి డబ్బుతో చదివించే తల్లిదండ్రుల నుంచి ముందుగానే మొత్తం తీసుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు కనుక నెలవారీ పద్ధతినే కొనసాగిస్తాను.

ఈ ఏడాదిలో నాకు అన్నిటికన్నా విలువైనది సెప్టెంబరు తరువాతి కాలం. ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో, బడిలో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవారు సాయంత్రం మా బెంచీలమీద విద్యార్థులుగా కూర్చున్నారు. నూట యాభై ప్రశ్నలకు రెండున్నర గంటల్లో కంప్యూటర్‌మీద జవాబులు గుర్తించడం వారిలో చాలామందికి పాఠ్యాంశాలకన్నా పెద్ద బెంగ. అందుకని రెండు పాత కంప్యూటర్లు కొని, మౌస్ పట్టుకోవడం దగ్గర నుంచి సాధన చేయించాను.

ఒక సాయంత్రం మనస్తత్వవేత్త పియాజె చెప్పిన పూర్వ ప్రచాలక దశను, అంటే రెండు నుంచి ఏడేళ్ల వయసు పిల్లల ఆలోచనా తీరును, వివరిస్తున్నాను. వెడల్పు గిన్నెలోని నీటిని సన్నని పొడవాటి గ్లాసులో పోస్తే నీళ్లు ఎక్కువయ్యాయని ఆ వయసు పిల్లలు అనుకుంటారని చెబుతుండగా, ఒక సీనియర్ టీచరమ్మ లేచి, తన ఒకటో తరగతి పిల్లలు మధ్యాహ్న భోజనం దగ్గర గ్లాసుల కోసం పేచీ పెట్టే తీరును వర్ణించారు. ముందు వరుసలోని డీఎడ్ అమ్మాయి అంతవరకు బిట్టుగా కంఠస్థం చేసిన సంగతిని అప్పుడు పిల్లల ముఖాలతో సహా చూసిందని నేను నమ్ముతున్నాను. ఆ మరుసటి వారం నుంచి సైకాలజీకి మాత్రం డీఎడ్ పిల్లల బ్యాచ్‌నూ ఉపాధ్యాయుల బ్యాచ్‌నూ కలిపేశాను.

ఏజెన్సీ (గిరిజన ప్రాంతం) నుంచి వచ్చే పిల్లల విషయం వేరుగా రాసుకోవాలి. అక్కడి ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కేలా చేసిన 2000 నాటి 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసిన తరువాత వారి పోటీ కఠినమైంది. కొండ భాష వచ్చిన టీచరు ఆ బడికి ఎంత అవసరమో దగ్గర నుంచి చూసినందువల్ల, వారికి గణితంలో అదనపు తరగతులు చెప్పడాన్ని నేను దయగా భావించను. అది ఈ పనిలో భాగమే. కొయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రం అందుకుంది. ఆమె ఫొటోతో ఫ్లెక్సీ వేయించమని చాలామంది సలహా ఇచ్చారు. ఆమె మా దగ్గరకు రాకముందు ఒంటరిగా ఎంతకాలం చదివిందో నాకు తెలుసు కనుక ఆ ఉద్యోగాన్ని మా ఖాతాలో వేసుకోలేదు. జనవరిలో కొత్త బ్యాచ్‌కు ఒక రోజు వచ్చి మాట్లాడమని మాత్రం అడిగాను, సరేనంది.

వచ్చే ఏడాదికి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోదలచుకోలేదు. తరగతులు లేని వేళల్లో హాలును చదువుకునే గదిగా తెరిచి ఉంచి, దానికి తక్కువ నెలవారీ రుసుము పెట్టాలని నిర్ణయించుకున్నాను. రాత్రి తొమ్మిది వరకు మెట్ల తలుపు తీసి ఉంచడానికి ఇంటి యజమాని ఒప్పుకున్నారు. మరో రెండు ట్యూబులైట్లు, పది కుర్చీలు కావాలి. ఆగస్టు వంటి నెల మళ్లీ వస్తే అద్దెలో సగమైనా దీని మీద వస్తుందని లెక్క వేశాను. మిగిలిన సగానికి ఉపాధ్యాయుల సాయంత్రపు బ్యాచ్ ఉంది.