టెన్నిస్‌కి గోడలుండేవి!

నిన్న లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌కి వెళ్లాం. ఎనిమిదో హెన్రీ రాజుగారి వంటగది చూద్దామని బయల్దేరినవాణ్ని, అక్కడి పాత టెన్నిస్ కోర్టు దగ్గరే ఆగిపోయాను. మావాళ్లు ఫోన్ మీద ఫోన్.

గడ్డి లేదు, ఎండ లేదు. నాలుగు గోడల హాలు. మూడు వైపులా గోడల వెంట చూరులా వాలుగా దిగిన కప్పు. సర్వీస్ చేసేవాడు బంతిని ఆ కప్పు మీదకే కొట్టాడు. చిన్నప్పుడు పెంకుటింటి మీద పడ్డ మా బంతిలా దడదడా దొర్లుతూ అవతలికి దూకింది! నెట్ చివర్లలో 5 అడుగులు, మధ్యలో 3 అడుగులే. తడి దుప్పటి ఆరేసిన దండెంలా కిందికి సాగి ఉంది. బంతి లోపల కార్క్, దానిమీద బిగించి చుట్టిన గుడ్డపట్టీ, పైన ఉన్నిబట్ట. ఇప్పటికీ చేత్తోనే కుడతారు.

మొదట్లో ఫ్రాన్స్‌లో దీన్ని అరచేత్తో ఆడేవారు, రాకెట్ తర్వాతెప్పుడో వచ్చింది. 1498లో అక్కడి రాజు ఎనిమిదో చార్లెస్ ఈ ఆట చూడ్డానికి వెళ్తూ గుమ్మానికి తల కొట్టుకుని కొన్ని గంటలకే పోయాడు. పాపం, ఆడనైనా లేదు.

మనం టీవీలో చూసే టెన్నిస్ నిన్నమొన్నటిది. రబ్బరు బంతి వచ్చాకే ఆట గడ్డి మీదకి దిగింది. 1874లో మేజర్ వింగ్‌ఫీల్డ్ పేటెంట్ తీసుకుని రాకెట్లు, బంతులు, నెట్ పెట్టెలో పెట్టి అమ్మాడు. మూడేళ్లకే, 1877లో, తొలి వింబుల్డన్. గెలిచింది స్పెన్సర్ గోర్.

వంటగది సంగతా? నేను వెళ్లేసరికి మూసేశారు.