మూడో అంతస్తు చూసే ఆమె మానేశాక

విజయవాడలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో నేను పనిచేసిన రోజుల్లో, మూడో అంతస్తు గదులను హౌస్ కీపింగ్ విభాగంలోని ఒకామె చూసుకునేవారు. ప్రతి నెలా వచ్చే ఒక మందుల కంపెనీ ప్రతినిధి ఆ రోజు దిగుతున్నారని తెలిస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే ఆయన గదిలో అదనంగా ఒక దిండు వేసి, ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టి, ఏసీ గాలి మంచం మీదకు నేరుగా కొట్టకుండా రెక్కలు పైకి తిప్పి వచ్చేవారు. ఇవేవీ కంప్యూటర్లో రాసి లేవు, ఆమెకు గుర్తుండేవి. సెలవు అడిగిన ప్రతిసారీ మాట పడవలసి రావడంతో చివరికి ఆమె మానేశారు. ఆ తర్వాత రెండుసార్లు మా దగ్గరే దిగిన ఆయన, మూడోసారి పక్క వీధిలోని హోటల్‌కు వెళ్ళారు. మా లెక్కల్లో ఒక గది ఖాళీ అని నమోదైంది కానీ, కారణం ఎక్కడా రాయలేదు.

ఉద్యోగికి సంస్థలో దక్కే సదుపాయం, మన్నన అతని సంతృప్తిగా, ఆ సంతృప్తి అతిథి మళ్ళీ మళ్ళీ అక్కడికే రావడంగా, అది లాభంగా మారే ఈ వరుసను హార్వర్డ్ ఆచార్యుడు జేమ్స్ హెస్కెట్, ఆయన సహచరులు 1994లోనే ‘సర్వీస్ ప్రాఫిట్ చెయిన్’ పేరుతో వివరించారు. మన యజమానులు చాలామంది ఈ గొలుసును చివరినుంచి, అంటే లాభం వైపునుంచి పట్టుకుని లాగుతారు.

రెస్టారెంటు సిబ్బందిని అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది బ్రేక్ షిఫ్ట్ అని నా అభిప్రాయం. ఉదయం టిఫిన్ల నుంచి మధ్యాహ్న భోజనాల దాకా పనిచేసి, మూడు నాలుగు గంటల విరామం తర్వాత రాత్రి పదకొండు దాకా మళ్ళీ నిలబడాలి. ఇల్లు దూరమైన కుర్రాళ్ళు ఆ విరామంలో లాకర్ల గదిలో అట్టపెట్టెలు పరుచుకుని పడుకోవడం నేను చూశాను. ఆ గంటలకు జీతం లేదు, విశ్రాంతీ లేదు. రాత్రి అతిథి ముందుకు వచ్చేసరికి ఆ అలసటంతా ముఖంలో కనిపించేది.

జీతం తర్వాత చూడవలసింది నమ్మకం. రిట్జ్ కార్ల్టన్ హోటళ్ళలో అతిథి ఇబ్బందిని తీర్చడానికి ఏ ఉద్యోగి అయినా పైవారిని అడగకుండా 2,000 డాలర్ల వరకు ఖర్చు చేయవచ్చన్న నియమం ప్రసిద్ధం. మా హోటల్లో చల్లారిన ఇడ్లీ ప్లేటు మార్చి ఇవ్వడానికి కూడా వెయిటర్ తన పైవాడైన కెప్టెన్ కోసం వెతుక్కోవలసి వచ్చేది.

కొత్తవారికి నేర్పడానికి పట్టే కాలం, ఆ కాలంలో జరిగే పొరపాట్లు, తిరిగి రాని అతిథులు, ఇవన్నీ ఖర్చులే అయినా ఏ పద్దు కిందా కనిపించవు. అందుకే నెలాఖరు నివేదికలో ఆక్యుపెన్సీ (నిండిన గదుల) శాతం పక్కనే, ఆ నెలలో ఎంతమంది మానేశారో, వారు ఎన్నేళ్ళు పనిచేశారో కూడా రాయాలని నేను యజమానులను కోరుతున్నాను.