పొందూరు ఖాదీతో నా చివరి సంవత్సరం కలెక్షన్

ఫ్యాషన్ డిజైన్ కోర్సు చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ సొంత ఆలోచనతో ఒక కలెక్షన్ సిద్ధం చేసి జ్యూరీ ముందు పెట్టాలి. సాధారణంగా ముందు ఒక అంశాన్ని ఎంచుకుంటారు, దానికి మూడ్ బోర్డు, అంటే ఆ అంశానికి తగిన బొమ్మలు, రంగులు అతికించిన పలక, తయారు చేస్తారు, స్కెచ్‌లు గీస్తారు, ఆ తరువాత స్కెచ్‌కు తగిన గుడ్డ కోసం బజారుకు వెళ్తారు. నేను స్కెచ్ పుస్తకం తెరవకముందే గుడ్డను ఎంచుకున్నాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో చేత్తో వడికి నేసే సన్న ఖాదీని ఎదురుగా పెట్టుకుని, అది ఏ ఆకృతికి ఒదుగుతుందో, ఎలాంటి కుట్టుకు ఓర్చుకుంటుందో, ఎవరి ఒంటికి అవసరమో తేల్చుకున్న తరువాతే పెన్సిల్ పట్టుకున్నాను. విశాఖపట్నంలో చదువుకుంటూ ఆ పని ఎలా పూర్తి చేశానో, ఈ కోర్సులో చేరబోయే వారికి పనికివస్తుందన్న ఆశతో రాస్తున్నాను.

మాది రాజాం. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది కనుక కత్తెర, టేపు, కొలతల పుస్తకం చిన్ననాటి నుంచి నాకు తెలిసినవే. విశాఖ వచ్చాక ఎం.వి.పి. కాలనీలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఒక మూల కుట్టుమిషను, మంచాల కింద గుడ్డల మూటలు, గోడ నిండా ప్యాటర్న్ కాగితాలు, అంటే గుడ్డ కత్తిరించడానికి కొలత ప్రకారం గీసుకున్న నమూనాలు, ఉండేవి. ప్రేరణ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా తరగతిలో అందరి చేతులూ ఫోన్ల మీదికే వెళ్లేవి, అందరి బోర్డుల మీదా అవే విదేశీ ర్యాంప్ చిత్రాలు కనిపించేవి. మా మేడమ్ ఒకరు, “ఈ ఊళ్లో ఎవరు ఏం కట్టుకుని ఏం పని చేస్తున్నారో చూసి రండమ్మా” అన్నారు. ఆ మాటను నేను అక్షరాలా పాటించాను. పెద్ద నగరంలో చదువుకోవడం వల్ల కలిగే అసలు లాభం అదేనని నా అభిప్రాయం. తూర్పు నౌకాదళం వారి తెల్లని యూనిఫారాలు, ఆర్.కె. బీచ్‌లో పొద్దున్నే నడిచేవారి బట్టలు, జగదాంబ కూడలి దుకాణాల అద్దాల వెనుక బొమ్మలు, సింహాచలం మెట్ల మీద పసుపు నీళ్లలో తడిపిన చీరలు, ఇవన్నీ ఒకే బస్సు పాసుతో చూడగలిగినవి.

వాటన్నిటిలో నన్ను పట్టి నిలిపినది ఫిషింగ్ హార్బర్. తెల్లవారకముందే పడవల నుంచి చేపలు దిగుతాయి, వేలం మొదలవుతుంది. అక్కడ చేపలు కొని ఊళ్లోకి తీసుకెళ్లి అమ్ముకునే ఆడవాళ్ల కట్టును గంటల తరబడి గమనించాను. చీర చీలమండ పైకి ఉంటుంది, నేల మీది ఉప్పునీరు అంచుకు తగలదు. కొంగును నడుము చుట్టూ తిప్పి బిగిస్తారు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పాత చీర ముక్క తల మీద చుట్టకుదురవుతుంది. డబ్బులు దాచుకునే చిన్న గుడ్డ సంచి రొండిన ఉంటుంది. తట్ట ఎత్తినా దించినా, కూర్చుని చేప కోసినా, ఆ సంచి జారదు. ఏ డిజైనరూ గీయకుండా, పని చేసే ఒళ్లే తీర్చిదిద్దిన దుస్తులవి. అయితే ఇప్పుడు వారిలో చాలామంది కట్టుకునేవి పాలిస్టర్ చీరలు. చవకగా దొరుకుతాయి, త్వరగా ఆరుతాయి, కాని సముద్రపు గాలిలోని ఉక్కకు చెమట పీల్చుకోలేక ఒంటికి అతుక్కుపోతాయి. పని చేసే ఆడవారికి ఈ తీరపు వాతావరణంలో హాయిగా ఉండే దుస్తులు, చేతులు ఖాళీగా ఉంచే కట్టు, రొండిన నిలిచే పాకెట్: నా కలెక్షన్‌కు అంశం అక్కడే దొరికింది.

గుడ్డ కోసం దూరం వెళ్లనక్కరలేకపోయింది. విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లే ప్యాసింజరు రైలు ఎక్కితే పొందూరు స్టేషనులోనే దిగవచ్చు. గాంధీగారు ఈ ఊరి సన్న ఖాదీ గురించి విని, దాని తయారీని తెలుసుకోవడానికి తన కుమారుడు దేవదాస్ గాంధీని పంపారని అక్కడ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. 1949 నుంచి ఉన్న ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం అక్కడే ఉంది.

పొందూరులో నేను చూసిన పనుల్లో దూది శుభ్రం చేయడం గురించి కొంచెం ఆగి చెప్పాలి. వడికే ఆమె అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకను చేత్తో పట్టుకుంది. దాని మీది పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయంటే వేలితో తాకితే గరుకుదనం తెలుస్తుందే తప్ప పన్నూ పన్నూ వేరుగా అందదు. గింజకు అంటుకుని ఉన్న పత్తిని ఆ పళ్లతో దువ్వుతుంటే నలకలు రాలిపోయి, పోచలన్నీ ఒకే వైపుకు తిరిగి మెరుస్తూ నిలుస్తాయి. గింజ తీయడం, దూదిని ఏకడం ఆ తరువాతి పనులు. చుట్టిన ఏకులను ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, అందులోంచి లాగుతూ రాట్నం మీద వడుకుతారు. నేను ఒక ఏకును అందుకోబోతే, “తడి సేత్తో ముట్టుకోకు పాపా, ఉండ కట్టేస్తాది” అంది ఆమె. నా కొంగుకే చేయి తుడుచుకుని మళ్లీ పట్టుకోమంది.

అక్కడ 100 నంబరు నూలు వడుకుతారని చదివాను, కాని ఆ అంకె విలువ వచ్చేటప్పుడు రైలులో లెక్క వేసుకున్నాకే తెలిసింది. నూలు నంబరంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయో ఆ లెక్క. 100 నంబరు నూలైతే అర కిలోకు కూడా తూగని బరువులో 84,000 గజాలు, అంటే సుమారు 77 కిలోమీటర్ల పోగు ఉంటుంది. విశాఖలో మొదలుపెడితే విజయనగరం దాటిపోయేంత దారాన్ని ఒక మనిషి వేళ్లు తీశాయి. అలాంటి గుడ్డను ఇష్టం వచ్చినట్టు కత్తిరించి మూలల ముక్కలు చెత్తబుట్టలో వేయడానికి నాకు మనసు ఒప్పలేదు. దుస్తుల పరిశ్రమలో కత్తిరింపు దగ్గరే సుమారు 15 శాతం గుడ్డ వృథా అవుతుందని మాకు పాఠంలో చెప్పారు. నేను పన్నా, అంటే గుడ్డ వెడల్పు, మొత్తం వాడుకునేలా దీర్ఘచతురస్రాలు, త్రికోణాలతోనే ప్యాటర్న్‌లు వేశాను. చంకల కింద చతురస్రపు ముక్క పెట్టడం, పక్కల్లో కలీలు (కింది ఘేరు పెంచే త్రికోణపు ముక్కలు) వేయడం మన పాత చొక్కాల్లోనూ లాల్చీల్లోనూ ఉన్న పద్ధతే. అలా గుడ్డే నాకు ఆకృతులను ఇచ్చింది. వదులైన పై చొక్కా, చీలమండ పైకి ఆగే లుంగీ తరహా స్కర్టు, నడుముకు చుట్టి బిగించే ఉత్తరీయం, ఇవన్నీ కత్తెర తక్కువగా తగిలినవే.

రంగులను భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి తీసుకున్నాను. జియలాజికల్ సర్వే వారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు కనుక అక్కడి మట్టిని ముట్టుకోలేదు, ఉదయం, మధ్యాహ్నం, వాన వెలిసిన తరువాత ఆ ఎరుపు ఎలా మారుతుందో రంగు పెన్సిళ్లతో నమోదు చేసుకున్నాను. పూర్ణా మార్కెట్ సందుల్లో కరక్కాయ, పటిక, ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ వేరు కొన్నాను. దానిమ్మ తొక్కలను పండ్ల రసం బండివాళ్లు ఉచితంగానే ఇచ్చారు. పటిక పట్టించిన గుడ్డకు మంజిష్ఠ ఇటుక ఎరుపును, దానిమ్మ తొక్క పసుపును ఇస్తాయి. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద వేస్తే నలుపు వస్తుంది. ఇది కలంకారీ పనివారి పద్ధతి. నీటి విషయంలో జాగ్రత్త చాలా అవసరం. బోరు నీటిలో ఇనుము ఉంటే మంజిష్ఠ ఎరుపు మసకబారుతుంది. అందుకే డాబా మీద పట్టిన వాన నీటితోనూ, బోరు నీటితోనూ విడివిడిగా పీలికలు ముంచి చూసి, వాన నీటినే ఎంచుకున్నాను. ఒక్కో దఫాకు రంగులో వచ్చే చిన్న తేడాను దాచకుండా, ఒకే దుస్తులో లేత నుంచి ముదురుకు వెళ్లేలా ముక్కలను పేర్చాను.

కుట్టు గురించి తరువాతి విద్యార్థులకు కొన్ని మాటలు. ఖాదీని కత్తిరించే ముందు నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి, ముడుచుకోవలసినంత ముడుచుకోనివ్వాలి. సన్న ఖాదీకి 9 లేదా 11 నంబరు సూది చాలు, లావు సూది పోగులను పక్కకు నెట్టి రంధ్రాలు మిగులుస్తుంది. గుడ్డ పలుచన కనుక లోపలి అంచులు బయటికి కనిపిస్తాయి, అందుకని అంచును మిషను దారంతో చుట్టే ఓవర్‌లాక్ బదులు, అంచును కుట్టు లోపలే మూసేసే ఫ్రెంచ్ సీమ్ వేయడం మేలు. పాకెట్ దగ్గర మాత్రం చిల్లర బరువుకు చిరగకుండా రెండు పొరలు పెట్టి, మూలలను చేత్తో గట్టిగా కుట్టాను. అమ్మ వీడియో కాల్‌లో చూస్తూ, “అక్కడ రెండుసార్లు వెనక్కి తొక్కమ్మా” అని చెబుతూ ఉండేది.

జ్యూరీలో అందం గురించి ప్రశ్నలు తక్కువే వచ్చాయి. వచ్చిన పెద్ద ప్రశ్న ధర గురించి. చేపలు అమ్మే మనిషి ఈ గుడ్డను కొనగలదా అని అడిగారు. అది సరైన ప్రశ్న. నా ఖర్చుల పట్టికలో వడికినవారి కూలిని తగ్గించి చూపడానికి నేను సిద్ధంగా లేను. అందుకే రెండు దారులు చూపాను. సన్న ఖాదీ దుస్తులు దుకాణాల్లో అమ్మడానికి. అవే ప్యాటర్న్‌లను సాధారణ మగ్గం నూలు గుడ్డ మీద కుట్టినవి పని దుస్తులుగా. ఆకృతి రెండింటిలోనూ మారదు, గుడ్డ మాత్రం చవక కనుక, రెండో పట్టికలో ధర బాగా తగ్గింది. ఆ వివరణను వారు అంగీకరించారు, కలెక్షన్ ప్రదర్శనకు ఎంపికైంది.

ప్రదర్శన అయ్యాక మగ్గం గుడ్డతో కుట్టిన ఒక జతను హార్బర్‌లో నాకు పరిచయమైన ఒక అక్కకు ఇచ్చాను. వారం వాడి చూసి, స్కర్టు బాగుందని, పాకెట్ మాత్రం ఇంకో నాలుగు వేళ్లు లోతుండాలని, మూతి అడ్డంగా కాక వాలుగా ఉంటే వంగినప్పుడు నోట్లు పైకి రావని చెప్పింది. ఆ కొలతతో ప్యాటర్న్ మళ్లీ గీశాను. ఇప్పుడు మా గదిలో ఆ మార్చిన నమూనా నాలుగు సైజుల్లో తయారవుతోంది, రంగు వేయని గుడ్డతో.